మ్యాచ్‌కి 0.6 స్టీల్స్ కొట్టేవాడు బెస్ట్ డిఫెండర్ ఎలా అయ్యాడు?

ఇంజనీరింగ్ చదివేటప్పుడు నేను మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో లేను. సెలక్షన్స్‌కి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ పది నిమిషాలకే రొప్పుతూ పక్కకొచ్చి కూలబడ్డాను. రెండోసారి మా పీడీ సార్ చూసి, "ఊరికే కూర్చోకపోతే ఈ షీట్ రాయరా" అని పెన్ను చేతిలో పెట్టారు. తర్వాత మూడేళ్లూ అదే నా పోస్టు.

ఆ షీట్ చూసినవాళ్లకు తెలుసు. రెండు పాయింట్ల బుట్ట పడితే అంకె మీద అడ్డగీత, ఫ్రీ త్రో అయితే నిండు చుక్క, దూరం నుంచి వేసే మూడు పాయింట్ల త్రీ పడితే వేసినవాడి నంబరు చుట్టూ సున్నా. ఫౌల్ చేస్తే పేరు పక్క గడిలో పీ అని, దానికి ఫ్రీ త్రోలు ఇస్తే పీ1, పీ2 అని రాసుకుంటూ పోవడం. అవతలివాడి చేతిలోంచి బంతి లాక్కుంటే, అంటే స్టీల్ కొడితే, రాయడానికి గడి లేదు. షాట్ ఆపితే, అంటే బ్లాక్ చేస్తే, గడి లేదు. అసలు బంతి అందకుండా చేస్తే అంతకన్నా లేదు.

మా టీమ్‌లో 9వ నంబరు జెర్సీ వేసుకునే సీనియర్ ఒకాయన ఉండేవాడు. మేం తొమ్మిదన్న అనేవాళ్లం. అవతలి టీమ్‌లో బాగా కొట్టేవాడు ఎవడైతే వాడిని పట్టుకోవడం ఆయన పని. ఒక ఇంటర్ కాలేజియేట్ సెమీఫైనల్లో, అంతకుముందు రెండు మ్యాచ్‌ల్లో ఇరవై దాటించిన కుర్రాణ్ని ఆరు పాయింట్లకు కట్టేశాడు. ఆ కుర్రాడు చివరికి విసుగొచ్చి బంతి అడగడమే మానేశాడు. నేను ఆ రోజు షీట్ రాస్తూ కళ్లారా చూశాను. షీట్‌లో మాత్రం 9వ నంబరు ఎదురుగా ఉన్నది ఒక అడ్డగీత, నాలుగు పీలు. యూనివర్సిటీ టీమ్ సెలక్షన్‌కి ఆ షీట్లే వెళ్లాయి. ఆయన పేరు రాలేదు. నా చేతిరాత ప్రకారం ఆయన ఆ రోజు చేసిందల్లా రెండు పాయింట్లు, నాలుగు తప్పులు.

చాలా ఏళ్ల తర్వాత, ఎమ్మెస్ పేరుతో నార్త్ కరోలైనాలో పడ్డాక, అక్కడివాళ్లు కాలేజీ బాస్కెట్‌బాల్‌ని పట్టించుకునే తీరు చూసి నాకు మతిపోయింది. ఆఫీసులో, బార్బర్ షాపులో, చివరికి పళ్ల డాక్టరు దగ్గర కూడా అదే మాట. అక్కడ బాక్స్ స్కోర్‌లో, అంటే మ్యాచ్‌లో ఎవరు ఏం చేశారో చూపే పట్టికలో, స్టీల్స్‌కి గడి ఉంది, బ్లాక్స్‌కి గడి ఉంది. ఆహా, తొమ్మిదన్న ఇక్కడ పుట్టాల్సింది అనుకున్నాను. ఆ అభిప్రాయం 2019 మార్చి, ఏప్రిల్ నెలల దాకా ఉంది.

ఆ ఏడాది ఏం జరిగిందంటే, దేశం మొత్తానికీ ఉత్తమ డిఫెండర్ ఎవరన్నదానికి రెండు పెద్ద అవార్డులు ఇద్దరు వేరే వేరే ఆటగాళ్లకు వెళ్లాయి. కోచ్‌ల సంఘం ఇచ్చేది వర్జీనియా ఆటగాడు డీఆండ్రే హంటర్‌కి. బాస్కెట్‌బాల్‌ని కనిపెట్టిన నెయిస్మిత్ పేరు మీద ఇచ్చేది వాషింగ్టన్ యూనివర్సిటీ ఆటగాడు మటీస్ థైబుల్‌కి. అవార్డులు చీలడం వింత కాదు. ఇద్దరి అంకెలు పక్కపక్కన పెడితేనే వింత. థైబుల్ మ్యాచ్‌కి 3.5 స్టీల్స్, 2.3 బ్లాక్స్. హంటర్ 0.6 స్టీల్స్, 0.6 బ్లాక్స్. ఆ నాలుగు అంకెలు తప్ప మరేమీ తెలియని మనిషికి చూపిస్తే, రెండోవాడు బెంచీ మీద కూర్చునే కుర్రాడు అనుకుంటాడు.

నా రూమ్మేట్ వరంగల్ వాడు. వాడిది ఒకటే పాట. "నీ వాడు మ్యాచ్‌కి ఒక్క స్టీల్ గూడ కొట్టడు మామా, గాడు బెస్ట్ డిఫెండరా?" నేను హంటర్ వైపు. తొమ్మిదన్న కేసు మళ్లీ విచారణకు వచ్చినట్టు అనిపించేది నాకు. అందుకే వాడితో చాలా గట్టిగా వాదించాను. ఇప్పుడు వెనక్కి చూస్తే అందులో సగం సరిగ్గా, సగం తప్పుగా వాదించాను. ఈ వ్యాసం ఆ రెండు సగాల గురించి.

ముందు సరైన సగం.

అప్పటి వర్జీనియా కోచ్ టోనీ బెనెట్ ఆడించింది ప్యాక్ లైన్ డిఫెన్స్. ఆయన తండ్రి డిక్ బెనెట్ తయారుచేసిన పద్ధతి. బంతి ఎవరి చేతిలో ఉందో వాడి మీద ఒకడు ఒత్తిడి పెడతాడు. మిగతా నలుగురూ త్రీ లైన్‌కి కొంత లోపల, బుట్టకు 16 అడుగుల దూరంలో ఒక గీత ఉందని ఊహించుకుని దాని లోపలే ఉంటారు. తన మనిషికి పాస్ వెళ్తుంటే దాని మీదకు దూకకూడదు. పాస్ వెళ్లనివ్వాలి, బంతి గాల్లో ఉండగా చేతులు పైకెత్తి పరుగెత్తి వెళ్లి ఎదురుగా నిలబడాలి. దూకితే ఐదుసార్లలో ఒకసారి బంతి దొరుకుతుంది, మిగతా నాలుగుసార్లు వెనక గేటు తెరుచుకుంటుంది. బెనెట్‌కి ఆ గేటు తెరుచుకోవడం అసలు ఇష్టం ఉండదు. కాబట్టి హంటర్ స్టీల్స్ కొట్టలేదంటే, కొట్టొద్దని చెప్పిన చోట కొట్టలేదు.

వాషింగ్టన్ సంగతి వేరు. అక్కడ అప్పటి కోచ్ మైక్ హాప్కిన్స్ అంతకుముందు రెండు దశాబ్దాలకు పైగా సిరక్యూస్‌లో జిమ్ బోహైమ్ దగ్గర అసిస్టెంట్. బోహైమ్ అంటే 2-3 జోన్. ఇద్దరు పైన, ముగ్గురు కింద. ఎవరికీ సొంత మనిషి ఉండడు, సొంత స్థలం ఉంటుంది. పైన ఉన్న ఇద్దరిలో పొడుగు చేతులవాడు ఒకడుంటే, వాడి కళ్లు తన మనిషి మీద కాక బంతి మీదే ఉంటాయి. పాస్ ఎటు వెళ్తుందో ఊహించి దూకడం వాడి ఉద్యోగంలో భాగం. తప్పితే వెనక ముగ్గురున్నారు.

ఆట వేగం వల్ల వచ్చే తేడా కూడా తీసేయాలి అనేవాళ్లుంటారు. తీసేద్దాం. వర్జీనియా ఆ ఏడాది దేశంలోనే అందరికన్నా నెమ్మదిగా ఆడిన టీమ్, మ్యాచ్‌కి సుమారు 60 పొసెషన్లు, అంటే ఒక టీమ్‌కి బంతి చేతికొచ్చి ఆడే వంతులు. వాషింగ్టన్‌కి 67 దాకా. హంటర్ అంకెను ఆ వేగానికి పెంచితే 0.6 కాస్తా 0.7 దగ్గరకు వస్తుంది. ఇంకా సరిగ్గా చేయాలంటే, ఆటగాడు కోర్టులో ఉన్నప్పుడు ప్రత్యర్థికి వచ్చిన పొసెషన్లలో ఎన్నిట్లో స్టీల్ కొట్టాడు అని చూడాలి. అలా చూస్తే హంటర్‌ది వందకు ఒకటి పైచిలుకు, థైబుల్‌ది వందకు దాదాపు 7. వేగం వల్ల వచ్చిన తేడా చిల్లర. అసలు తేడా ఇద్దరికీ అప్పగించిన పనిలో ఉంది. తోటమాలిని, వంటమనిషిని పక్కపక్కన నిలబెట్టి ఎవరు ఎక్కువ కూరగాయలు కోశారు అని అడిగినట్టుంది ఈ పోలిక. ఇద్దరి చేతిలోనూ కత్తి ఉన్నమాట నిజమే.

ఇక్కడ కొంచెం పక్కదారి. స్టీల్స్, బ్లాక్స్ అనేవి మనం పుట్టకముందు నుంచీ లెక్కల్లో ఉన్నాయనుకుంటాం. అమెరికా కాలేజీ పురుషుల బాస్కెట్‌బాల్‌లో దేశవ్యాప్త అధికారిక లెక్కగా అవి మొదలైంది 1985-86 సీజన్లో. జార్జ్‌టౌన్‌లో నాలుగేళ్లు బుట్ట ముందు గోడలా నిలబడ్డ ప్యాట్రిక్ యూయింగ్ 1985లోనే కాలేజీ ముగించాడు. అంతకన్నా పెద్ద ముచ్చట బిల్ రసెల్‌ది. శాన్ ఫ్రాన్సిస్కో యూనివర్సిటీకి 1955లోనూ 1956లోనూ టైటిల్ తెచ్చిపెట్టాడు. షాట్ ఆపడం అనే విద్యకే కొత్త అర్థం చెప్పిన మనిషి. ఆయన కాలేజీలో ఎన్ని ఆపాడన్నదానికి అధికారిక లెక్క లేదు. పైగా రసెల్ షాట్ ఆపితే బంతి ప్రేక్షకుల్లోకి పోయేది కాదు, మెల్లగా తట్టి తన టీమ్‌వాడి చేతికే పంపేవాడు. ఇవాళ గడి ఉంది కదా, ఆ గడిలో ఈ తేడా రాయగలమా? గ్యాలరీలోకి కొట్టి బంతి మళ్లీ ప్రత్యర్థికే ఇచ్చినా ఒక బ్లాకే. తట్టి తనవాళ్లకు ఇచ్చినా ఒక బ్లాకే.

సరే, స్టీల్స్, బ్లాక్స్ వద్దు, మొత్తం డిఫెన్స్‌ని కొలిచే అంకె ఒకటి ఉంది కదా అన్నాడు రూమ్మేట్ ఒక రోజు ఫోన్ చూపిస్తూ. డిఫెన్సివ్ రేటింగ్. డీన్ ఆలివర్ అనే లెక్కల మనిషి తయారుచేసిన పద్ధతి. ఒక ఆటగాడు వంద పొసెషన్లకు ఎన్ని పాయింట్లు ఇచ్చాడో చెప్తుందని అంటారు. వాడి ఉద్దేశం, ఇందులో హంటర్ పెద్దగా మిగతావాళ్లకన్నా మెరుగు కాదని. నాకు కోపం వచ్చి ఆ రాత్రి ఆ ఫార్ములా కూర్చుని చదివాను.

చదివితే తెలిసిందేమిటంటే, అందులో 80 శాతం టీమ్ రేటింగే. ముందు టీమ్ మొత్తం వంద పొసెషన్లకు ఎన్ని పాయింట్లు ఇచ్చిందో తీసుకుంటారు. తర్వాత ఆ ఆటగాడి సొంత లెక్కకు ఐదో వంతు బరువు మాత్రమే ఇచ్చి, దాన్ని అటూ ఇటూ కొద్దిగా జరుపుతారు. ఆ ఐదో వంతులో ఉన్నదేమిటి? మళ్లీ స్టీల్స్, బ్లాక్స్, డిఫెన్సివ్ రీబౌండ్లు (అవతలివాళ్లు తప్పిన షాట్‌ని పట్టుకోవడం), ఫౌల్స్. బ్లాక్ కాకుండా తప్పిపోయిన షాట్లను ఎవరు తప్పించారో బాక్స్ స్కోర్‌కి తెలియదు కాబట్టి, ఆ పుణ్యాన్ని నిమిషాల లెక్కన అందరికీ సమానంగా పంచేస్తారు. ఆలివర్‌ని తప్పుపట్టడం లేదు. ఆయన చేతిలో ఉన్నది బాక్స్ స్కోర్ ఒక్కటే, దాంతో చేయగలిగింది చేశాడు. కానీ ఉమ్మడి కుటుంబంలో కరెంటు బిల్లుని తలా ఇంత అని పంచి, నువ్వు ఇంత కరెంటు కాల్చావు అని చెప్పడం లాంటిది ఇది. ఏసీ ఎవడి గదిలో ఉందో బిల్లుకి తెలియదు. వర్జీనియాలో ఆడిన ఎవడికైనా ఆ రేటింగ్ బాగుంటుంది. బలహీనమైన టీమ్‌లో ప్రాణం పెట్టి డిఫెండ్ చేసేవాడికి ఎంత చేసినా బాగుండదు.

అప్పుడు నేను నా దగ్గరున్న బ్రహ్మాస్త్రం తీశాను. ఆటగాడు ఉన్నప్పుడు టీమ్ ఎన్ని పాయింట్లు ఇచ్చింది, లేనప్పుడు ఎన్ని ఇచ్చింది. దీన్నే ఆన్-ఆఫ్ లెక్క అంటారు. ఇంతకన్నా న్యాయమైన లెక్క ఏముంటుంది? పైగా నా దగ్గర ఉదాహరణ కూడా ఉంది.

2018 మార్చి 16. వర్జీనియా ఆ ఏడాది దేశం మొత్తంలో మ్యాచ్‌కి అందరికన్నా తక్కువ పాయింట్లు ఇచ్చిన టీమ్. దేశవ్యాప్త కాలేజీ టోర్నమెంట్‌లో ఒకటో సీడ్, అంటే బలాన్ని బట్టి ఇచ్చే ర్యాంకుల్లో మొదటిది. ఎదురుగా 16వ సీడ్, మేరీలాండ్ యూనివర్సిటీ బాల్టిమోర్ కౌంటీ క్యాంపస్. పురుషుల టోర్నమెంట్‌లో ఒకటో సీడ్ 16వ సీడ్ చేతిలో ఓడిన చరిత్ర అప్పటిదాకా లేదు. హాఫ్ టైమ్‌కి 21-21. చివరికి 74-54తో వర్జీనియా చిత్తుగా ఓడింది. అంటే రెండో సగంలోనే 53 పాయింట్లు ఇచ్చింది. హంటర్ ఆ మ్యాచ్‌లో లేడు. టోర్నమెంట్ మొదలయ్యే ముందే మణికట్టు విరిగింది. "చూశావా, వాడు లేకపోతే ఏమైందో!" అని రూమ్మేట్ ముందు బల్ల గుద్దాను.

వాడు అర నిమిషం ఆలోచించి అడిగాడు. "వాళ్లు ఆ రోజు త్రీలు ఎన్ని కొట్టిన్రు?"

24 వేసి 12 కొట్టారు. సగానికి సగం. అక్కడ నా బల్ల విరిగింది.

కాలేజీ టీమ్‌ల లెక్కలకు పెద్దదిక్కు లాంటి కెన్ పామెరాయ్, వృత్తిరీత్యా వాతావరణ శాస్త్రం మనిషి, చాలా ఏళ్లుగా చెప్తున్న మాట ఒకటుంది. ప్రత్యర్థులు ఎన్ని త్రీలు వేయాలన్నది డిఫెన్స్ చేతిలో ఉంటుంది. వేసినవాటిలో ఎన్ని పడాలన్నది డిఫెన్స్ చేతిలో దాదాపు ఉండదు. ఒక టీమ్ మీద సీజన్ మొదటి సగంలో త్రీలు ఎంత శాతం పడ్డాయో చూసి, రెండో సగంలో ఎంత పడతాయో ఊహించబోతే బొక్కబోర్లా పడతాం. వాన ఎప్పుడు పడుతుందో చెప్పే ఉద్యోగం చేసినవాడికే ఈ సంగతి ముందు తట్టడం నాకు భలే నచ్చుతుంది.

దీన్ని ఆన్-ఆఫ్ లెక్కలోకి తెచ్చి చూడండి. ఒక స్టార్టర్, అంటే మొదటి ఐదుగురిలో దిగేవాడు, 40 నిమిషాల మ్యాచ్‌లో 32 ఆడతాడనుకుందాం. బయట ఉండేది 8 నిమిషాలు. ప్రత్యర్థులు మ్యాచ్‌కి 20 త్రీలు వేస్తే, ఆ 8 నిమిషాల వాటా 4. సీజన్‌కి 35 మ్యాచ్‌లంటే 140 త్రీలు. మామూలుగా 34 శాతం పడతాయనుకుంటే 48 దాకా పడాలి. కానీ 140 ప్రయత్నాల్లో ఐదారు అటో ఇటో కావడం అదృష్టం పనే, దానికి ఎవడి డిఫెన్సూ అక్కర్లేదు. ఆరు త్రీలంటే 18 పాయింట్లు. ఆ 8 నిమిషాల్లో టీమ్ ఎదుర్కొనే పొసెషన్లు మ్యాచ్‌కి 14 వేసుకుంటే సీజన్‌కి 490. వెరసి వంద పొసెషన్లకు మూడున్నర పాయింట్లకు పైగా తేడా గాల్లోంచి పుట్టింది. మంచి డిఫెండర్‌కీ మామూలు డిఫెండర్‌కీ మధ్య తేడా అని మనం చూపించుకునేది కూడా దాదాపు అంతే ఉంటుంది! ఆ 8 నిమిషాల్లో ఎదురుగా ఎవరున్నారు, అవతలి స్టార్ కూడా అప్పుడే నీళ్లు తాగుతున్నాడా, మ్యాచ్ అప్పటికే అయిపోయి చివరి బెంచీ కుర్రాళ్లు దిగారా అన్న గొడవ ఇంకా మొదలే పెట్టలేదు. ఈ చిక్కుల్ని సరిచేసే పద్ధతులు లేకపోలేదు. కోర్టులో ఉన్న పదిమందినీ లెక్కలోకి తీసుకుని, ముందు అంచనాను కలిపి, ఎవరి వాటా ఎంతో తేల్చే మోడళ్లు కాలేజీ స్థాయిలోనూ ఉన్నాయి. అవి మంచివే. కానీ 35 మ్యాచ్‌ల నుంచి 350 మ్యాచ్‌ల సమాచారం ఏ మోడలూ పిండలేదు.

నేను ఒక సీజన్ మొత్తమే చాలదంటుంటే, నాకు బల్ల గుద్దడానికి ఒక్క మ్యాచ్ సరిపోయింది. అదీ నా నిజాయితీ.

ఇక వీడియో. సినర్జీ అనే కంపెనీ ఉంది. మనుషులు కూర్చుని ప్రతి మ్యాచ్ వీడియో చూసి, ప్రతి పొసెషన్‌నీ చివర్లో ఎదురుగా ఉన్న డిఫెండర్ పేరు మీద రాస్తారు. బాక్స్ స్కోర్ కన్నా ఇది చాలా నయం. కనీసం ఎవడు ఎవణ్ని పట్టుకున్నాడో ఉంటుంది. నాకు ఇందులో ఉన్న పేచీ ఒకటే. అవతలివాడు షాట్ వేసో, ఫౌల్ తెచ్చుకునో, బంతి పోగొట్టుకునో పొసెషన్ ముగిస్తేనే డిఫెండర్ పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది. తొమ్మిదన్న సెమీఫైనల్లో చేసింది ఆ కుర్రాడు షాట్ వేయకుండా చేయడం. కబడ్డీ చూసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ట్యాకిల్ చేస్తే పట్టినవాడి పేరున పాయింటు పడుతుంది. రైడర్ ముప్పై సెకన్లూ గీత దగ్గర తచ్చాడి, మూలనున్న డిఫెండర్ చూపుకి జంకి, ఖాళీ చేతులతో వెనక్కి పోతే దాన్ని ఎంప్టీ రైడ్ అని రైడర్ ఖాతాలో రాస్తారు. డిఫెండర్ ఖాతాలో ఏమీ ఉండదు. 2021లో బేలర్‌కి టైటిల్ తెచ్చిన టీమ్‌లో డేవియన్ మిచెల్ అని గార్డు, అంటే బుట్టకు దూరంగా బంతి నడిపించే ఆటగాడు, ఉండేవాడు. వాడి ముద్దుపేరు "ఆఫ్ నైట్". వాడు ఎవణ్ని పట్టుకుంటే వాడికి ఆ రాత్రి బాగోదు అని. నేను చూసిన డిఫెన్స్ కొలతలన్నిటిలో నిజానికి దగ్గరగా ఉన్నది ఆ ముద్దుపేరే అనిపిస్తుంది అప్పుడప్పుడు.

కోచ్‌లు తమ లెక్కలు తాము వేసుకుంటారు. రిక్ పిటీనో డిఫ్లెక్షన్లు లెక్కబెట్టించేవాడు, అంటే డిఫెండర్ చెయ్యి బంతికి ఎన్నిసార్లు తగిలిందని. మ్యాచ్‌కి టీమ్ మొత్తం మీద 35 ఆయన లక్ష్యం. ఆ లెక్క డ్రెస్సింగ్ రూమ్ గోడ దాటి మనదాకా రాదు. ఎదురొచ్చేవాడి దారిలో కదలకుండా నిలబడి ఛాతీ మీద దెబ్బ తిని ఛార్జ్ తెచ్చుకుంటే బంతి మనది అవుతుంది, అవతలివాడికి ఒక ఫౌల్ పడుతుంది. స్టీల్ కన్నా అదే ఎక్కువ లాభం. మామూలు బాక్స్ స్కోర్‌లో దానికి గడి లేదు. డ్యూక్‌లో షేన్ బాటియే ఈ దెబ్బలు తినడంలో పేరుమోసినవాడు. కోచ్‌ల సంఘం వరుసగా మూడేళ్లు, 1999 నుంచి 2001 దాకా, అతన్నే ఉత్తమ డిఫెండర్ అంది.

ఇక్కడిదాకా నేను సరిగ్గా వాదించిన సగం. స్టీల్స్ లేనంత మాత్రాన డిఫెన్స్ లేనట్టు కాదు. 2019 ఏప్రిల్ 8న మినియాపొలిస్‌లో జరిగిన ఫైనల్ నాకు దేవుడిచ్చిన సాక్ష్యంలా కనిపించింది. టెక్సస్ టెక్ స్టార్ జారెట్ కల్వర్ 22 షాట్లు వేసి 5 కొట్టాడు. ఎక్కువసేపు అతని మీద ఉన్నది హంటర్. అటు పక్క హంటర్ 27 పాయింట్లు, పోయిందనుకున్న మ్యాచ్‌ని 68-68 చేసిన మూల నుంచి కొట్టిన త్రీ కూడా అతనిదే. వర్జీనియా ఓవర్‌టైమ్‌లో 85-77తో గెలిచింది. నేను సోఫా మీద నిలబడి అరిచాను. రూమ్మేట్ ఏమీ అనలేదు, చాయ్ పెట్టడానికి లేచి వెళ్లాడు.

ఇక తప్పు సగం.

హంటర్‌ని నిలబెట్టే ఊపులో నేను థైబుల్‌ని కొట్టిపారేశాను. "జోన్‌లో నిలబడితే ఎవడైనా కొడతాడు. ఎన్‌బీఏకి వెళ్లి మనిషిని పట్టుకోమంటే బండారం బయటపడుతుంది" అన్నాను. ఇది నా ఒక్కడి మాట కాదు, అప్పట్లో చాలామంది ఇలాగే సందేహించారు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏ టీమ్‌లు కొత్తవాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో హంటర్ 4వ వాడు, థైబుల్ 20వ వాడు. తర్వాత? థైబుల్ 2021లోనూ 2022లోనూ ఎన్‌బీఏ ఆల్ డిఫెన్సివ్ రెండో టీమ్‌లో, అంటే సీజన్ ఉత్తమ డిఫెండర్ల జాబితాలో, ఉన్నాడు. మొదటిసారి మ్యాచ్‌కి సగటున 20 నిమిషాలే ఆడి ఆ గౌరవం తెచ్చుకున్నాడు. హంటర్ నేనిది రాసేనాటికి ఆ జాబితాలో ఒక్కసారీ లేడు. మధ్యలో మోకాలి ఆపరేషన్లు కూడా అయ్యాయి పాపం, అది మర్చిపోకూడదు. అయినా లెక్క లెక్కే.

నేను ఎక్కడ తప్పాను? సాక్ష్యం నా కళ్లముందే ఉంది. థైబుల్ కాలేజీలో నాలుగేళ్లు ఆడాడు. జోన్ తెచ్చిన హాప్కిన్స్ వచ్చింది మూడో ఏడాది. అంతకుముందు వేరే కోచ్ కింద, రెండో ఏడాదిలోనే మ్యాచ్‌కి సుమారు 2 స్టీల్స్ కొట్టాడు. జోన్ ఆ అంకెను పెంచింది, పుట్టించలేదు. రెండోది, అదే జోన్‌లో అతని పక్కనే నిలబడ్డ గార్డులెవరూ అతని దరిదాపుల్లో లేరు. జోన్ అందరికీ ఒకటే కదా. మూడోది, నాలుగేళ్లలో 331 స్టీల్స్‌తో అతను దాటింది గ్యారీ పేటన్ రికార్డుని. 321తో దాదాపు ముప్పై ఏళ్లు, వాషింగ్టన్ అప్పుడు ఉన్న పాక్-12 అనే టీమ్‌ల కూటమిలో నిలిచిన రికార్డు. సిరక్యూస్‌లో దశాబ్దాలుగా జోన్ ఆడారు, అక్కడా ఒకే సీజన్లో 3.5 స్టీల్స్, 2.3 బ్లాక్స్ రెండూ కలిపి ఏ గార్డూ తేలేదు. కోచ్ అప్పగించిన పని వల్ల అంకె కొంత పెరుగుతుంది అన్న మాట నిజం. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని అంకె మొత్తాన్నీ కొట్టేయడం నా సోమరితనం.

ఇప్పుడు నాకు అనిపించేది ఇది. ఈ అంకెలు ఒకవైపే మాట్లాడతాయి. స్టీల్స్, బ్లాక్స్ విపరీతంగా ఉంటే, అక్కడ చేతులు, చూపు, ఊహ అనే నిజమైన సరుకు ఉందని అర్థం. ఆ సరుకు ఆటగాడితోపాటే ఇంకో టీమ్‌కీ వెళ్తుంది. 2021-22లో ఆబర్న్‌కి ఆడిన వాకర్ కెస్లర్ మ్యాచ్‌కి 4.6 బ్లాక్స్ చేశాడు. అంతకుముందు ఏడాది నార్త్ కరోలైనాలో మ్యాచ్‌కి తొమ్మిది నిమిషాలు కూడా దొరకని కుర్రాడు. అంత అంకెని ఏ పద్ధతీ ఊరికే ఇవ్వదు. అదే, అంకెలు చిన్నవిగా ఉంటే మాత్రం అవి నోరు మూసుకున్నట్టే లెక్క. చెడ్డ డిఫెండర్ అనీ చెప్పవు, మంచివాడు అనీ చెప్పవు. నేను చేసిన పొరపాటు ఆ మౌనాన్ని హంటర్ గొప్పతనంగా చదవడం. తొమ్మిదన్న షీట్‌లో ఏమీ లేదు, హంటర్ షీట్‌లో ఏమీ లేదు, కాబట్టి హంటర్ తొమ్మిదన్నే! షీట్‌లో ఏమీ లేనివాళ్లలో నాలాగా పది నిమిషాలకే రొప్పేవాళ్లు కూడా ఉంటారు.

ఇంకో ఇబ్బందికరమైన అనుమానం కూడా ఉంది. హంటర్‌కి ఆ అవార్డు ఇచ్చినప్పుడు కోచ్‌లు ఎంత భాగం అతనికి ఇచ్చారు, ఎంత భాగం బెనెట్ పద్ధతికి ఇచ్చారు? డిఫెన్సివ్ రేటింగ్‌లో 80 శాతం టీమ్‌దే అని నేను ఎగతాళి చేశాను. కళ్లతో చూసి ఓటు వేసే మనిషి బుర్రలో ఆ శాతం ఎంతుంటుందో ఎవరు లెక్కగట్టారు? హంటర్ మంచి డిఫెండర్ కాదనడం లేదు. పొడుగ్గా, బలంగా, గార్డు నుంచి ఫార్వర్డ్ దాకా ఎవరి మీదైనా నిలబడేవాడు, ఫౌల్స్ పెద్దగా చేసేవాడు కాదు. ఆ ఏడాది దేశంలో అందరికన్నా మంచివాడా అంటే, 2019లో ఉన్నంత గట్టి గొంతు ఇప్పుడు నాకు లేదు.

రూమ్మేట్ ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు. మార్చి వస్తే ఇప్పటికీ ఎవడో ఒకడి అంకెలు పంపి "వీడు ఎట్లుంటడు?" అని అడుగుతాడు. నేను ముందు వాడి టీమ్ ఏం డిఫెన్స్ ఆడుతుందో చూస్తాను. తర్వాత అదే టీమ్‌లో అదే పని చేసే పక్కవాడి అంకెలు చూస్తాను, దేశం సగటుతో పోల్చడం కన్నా ఇదే ఎక్కువ చెప్తుంది. ఫౌల్స్ చూస్తాను. 40 నిమిషాలకు ఐదు దాటుతున్నాయంటే ఆ బ్లాక్స్ అప్పు తెచ్చి చేస్తున్నవే. ఆన్-ఆఫ్ అంకె పంపితే మాత్రం ఏ జవాబూ ఇవ్వను. వాడికి తెలుసు ఎందుకో.

పోయిన వేసవిలో ఒక ఆదివారం 2019 ఫైనల్ మళ్లీ పెట్టుకుని, నోట్‌బుక్‌లో నా సొంత షీట్ గీసుకున్నాను. ఒక్కో పొసెషన్‌కి ఒక్కో వరస. కల్వర్‌ని ఎవరు పట్టుకున్నారు, బంతి అందిందా, అందితే ఎక్కడ, చివరికి ఆపిందెవరు. మ్యాచ్ ఆపుతూ, వెనక్కి తిప్పుతూ చూస్తుంటే ఆదివారం మొత్తం పోయింది. కల్వర్ తప్పిన షాట్లలో కొన్ని హంటర్ చెయ్యి మొహం ముందుకు రావడం వల్ల తప్పాయి. కొన్ని, వెనక నుంచి ఇంకొకడు అడుగు ముందుకేసి ఉండటం చూసి తొందరపడి వేయడం వల్ల తప్పాయి. కొన్ని ఊరికే తప్పాయి. మామూలు సమయం చివరి సెకనులో కల్వర్ మూలలో బంతి అందుకుని వేసిన షాట్‌ని ఆపింది హంటర్ కాదు, బ్రాక్స్టన్ కీ. అది ఒక్కటే నేను ఏ అనుమానం లేకుండా రాసుకున్న వరస. మిగతా చాలా వరసల్లో, ఆపిందెవరు అన్న గడిలో ముందు హంటర్ అని రాసి, మళ్లీ చూసి కొట్టేసి, ప్రశ్న గుర్తు పెట్టాను.